చెయ్యెత్తు పందిరి

మునినారాయణ ఇంట్లో ఏ పని గురించి అడిగినా వచ్చే జవాబు ఒక్కటే: "కత్తెర్లు అయిపోనీ." ద్రాక్ష తీగల కొమ్మలు కత్తిరించే పనిని ఆ ఇంట్లో కత్తెర్లు అంటారు. పశువుల కొట్టానికి రేకు మార్చడం కత్తెర్లయినాక. బాగేపల్లిలో ఉన్న కూతురు ప్రతిమ ఇంటికి పోయి రెండు రోజులు ఉండి రావడం కత్తెర్లయినాక. ఆ కత్తెర్లు అయితే గుత్తుల్లో కాయ పలచన చేసే పని వస్తుంది, అది తీరితే కోత, కోత తీరితే ఎండాకాలపు కత్తెర్లు. ఇంక అయిపోయేదేముంది? భార్య అక్కయమ్మ కుడి భుజం మూడేళ్లుగా ఈ వరుసలోనే నిలబడి ఉంది, కొట్టం రేకు వెనకాల, కూతురి ఇంటి వెనకాల.

చిక్కబళ్లాపురం నుంచి చింతామణి పోయే దారిలో వాళ్ల ఊరు. రెండెకరాల ద్రాక్ష తోట. ఇరవై రెండేళ్ల కింద రాతి కంబాలు పాతి, పైన తీగ లాగి వేసిన పందిరి. ద్రాక్ష పందిరి కింద పని అంటే చూసేవాళ్లకు చల్లగా నీడలో చేసుకునే పనిలాగే కనిపిస్తుంది. చేసేవాళ్లకు తెలుసు. పొద్దున ఎనిమిదికి తల వెనక్కు వాల్చి చేతులు పైకెత్తితే, సంగటి తినే వేళకు దించాలి. తిని మళ్లీ ఎత్తితే పొద్దు వాలినాక దించాలి. నీళ్లు కట్టడం, మందు కొట్టడం, బేరం మాట్లాడటం మగవాళ్ల పని. కొమ్మ కత్తిరించడం, గుత్తిలో ఒక్కొక్క కాయ తుంచి పలచన చేయడం ఆడవాళ్లది. కూలికి వచ్చే ఆడవాళ్లు ఒక ఏడు వస్తే ఒక ఏడు ఇంకో తోటకు పోతారు. అక్కయమ్మ యాడికి పోతుంది?

భుజం మొదట్లో పని ఉన్నప్పుడే నొచ్చేది. తరువాత పని లేనప్పుడు కూడా నొచ్చింది. ఆ పక్కకు తిరిగి పడుకోవడం మానేసింది. మొదటి ఏడు జండూబామ్, రెండో ఏడు ప్రతిమ తీసుకుపోయి వేయించిన సూది, మూడో ఏడు ఎవరో చెప్పిన ఆకు పసరు కట్టు. ఏదీ తోటలోని పని ముందు నిలబడలేదు. అక్కయమ్మ చేయి పైకి రాకపోతే తలను కిందికి వంచడం నేర్చుకుంది. చెమట తుడుచుకోవాలంటే కొంగును మొహం దాకా ఎత్తదు, మొహాన్నే కొంగు దాకా దించుతుంది. కాఫీ లోటా దగ్గరికి నోరు పోతుంది. ఎవరైనా చూస్తే పాపం ఎంత వినయంగా తాగుతుందో అనుకుంటారు.

ఇట్లా అన్నిటికీ ఏదో ఒక ఉపాయం దొరికింది గాని, జుట్టుకు దొరకలేదు. దువ్వాలంటే చేయి తలదాకా పోవాలి, ముడి వేయాలంటే రెండు చేతులూ వెనక్కి పోవాలి. ఒంటి చేత్తో ముడి ఎవరు వేసుకోగలరు? పోయిన జనవరిలో మునినారాయణకు గుండె పట్టేసింది. బెంగళూరులో స్టెంటు వేయించుకుని వచ్చాడు. ఆయన మంచం మీద ఉంటే, నా భుజం సంగతేమని ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది? మార్చిలో కోత తీరిన వారానికే ఊళ్లో వాళ్లతో కలిసి తిరుపతికి పోయి, మోకాళ్ల దాకా ఉన్న జుట్టు ఇచ్చి గుండు చేయించుకుని వచ్చింది.

ఊరంతా ఒకటే మాట. మొగుడి ప్రాణం కోసం అక్కయమ్మ తలనీలాలు ఇచ్చింది. ఆమె ఔనని అనలేదు, కాదని అనలేదు. మునినారాయణ అయితే ఆ మాటను పాల డెయిరీ దగ్గర చెప్పాడు, ఎరువుల అంగడిలో చెప్పాడు, వరసకు తమ్ముడయ్యే నరసింహప్పకు రెండుసార్లు చెప్పాడు. ముప్పై ఏళ్ల కాపురంలో భార్య గురించి నలుగురిలో అతను చెప్పిన మొదటి మంచి మాట అదే. దాన్ని ఎట్లా తీసేయడం? వెంకటరమణస్వామికీ, తనకూ తప్ప మూడో మనిషికి తెలియదులే అని ఊరుకుంది. దేవుడికి అబద్ధం మొక్కు మొక్కాననే భయం మాత్రం అప్పుడప్పుడు పట్టుకునేది.

ఆషాఢంలో గడ్డిమోపు ఎత్తబోతే భుజంలో టప్పుమని ఏదో తెగింది. అప్పటినుంచి కుడిచేయిని ఎత్తాలంటే ఎడమచేయి మోచేతి కింద పెట్టి లేపాల్సి వస్తోంది. అయినా మునినారాయణ కంటికి అది ఆనలేదు. చివరికి పట్టిచ్చింది రాగి సంగటి. సంగటి కెలకడానికి భుజబలం కావాలి. దసరా వెళ్లిన మరునాడు ముద్దలో ఉండలు తగిలేసరికి అతను తల ఎత్తి భార్య వైపు చూశాడు. "ఏమే, సంగటి ఇట్లుండాది?" అన్నాడు. "చెయ్యి ఆడడం ల్యా" అంది. అట్లా ముద్దలో ఉండల పుణ్యమా అని మూడేళ్ల వరుస దాటుకుని ఆ భుజం చిక్కబళ్లాపురం చేరింది.

ఎముకల డాక్టరు కిశోర్‌ది బాగేపల్లి వైపు. కన్నడ పలకరింపుతో మొదలుపెట్టి, మనవాళ్లే అని తెలియగానే తెలుగులోకి దిగిపోయాడు. పోయిన వారమే స్కానింగ్ రాసిచ్చాడు. ఈ గురువారం ఆ ఫిలిం తీసుకుని ఇద్దరూ వచ్చి కూర్చున్నారు. సోమవారం నుంచి కత్తెర్లు. తొందరగా ముగిస్తే రెండు గంటల బస్సుకు పోవచ్చని మునినారాయణ గోడ గడియారం వైపు చూస్తున్నాడు.

"చెయ్యి పక్కకు ఎత్తమ్మా, చూద్దాం" అన్నాడు డాక్టరు.

అక్కయమ్మ ఎత్తింది. చేయి కొంచెమే లేచింది గాని భుజం పోయి చెవికి తగిలింది. ఒళ్లు మొత్తం ఎడమ పక్కకు ఒరిగింది.

"ఒళ్లు వంచకూడదు. చెయ్యి ఒక్కటే."

"ఒక్కటే అంటే అది రాదు సార్."

డాక్టరు తనే ఆ చేయిని భుజం ఎత్తుకు లేపి, "ఇప్పుడు నేను వదిలేస్తా, మెల్లగా దించు" అన్నాడు. వదలగానే చేయి ధబ్బున ఒళ్లో పడింది. తనదే అయిన చేయి అంత బరువుగా పడుతుందని ఆమె కూడా అనుకోలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"రవికె ఎట్ల వేసుకుంటావమ్మా?"

"కుడిచెయ్యి ముందు దూర్చి, మళ్లా ఎడమది."

"తల దువ్వుకుంటావా?"

అక్కయమ్మ నోరు తెరిచేలోగా మునినారాయణ నవ్వాడు. పెద్దమనిషి నవ్వు, డెయిరీ దగ్గర నవ్వే నవ్వు. "దువ్వేదానికి జుట్టు యాడుండాది సార్! నాకు గుండె పట్టేస్తే, నా పానం కోసరం అంతా వెంకటరమణస్వామికి ఇచ్చేసొచ్చింది. మోకాళ్లకాడికి ఉండె, తెలుసునా?"

అరచేతి పొడవు కూడా లేని ఆ జుట్టు మీద కొంగు కప్పుకుని అక్కయమ్మ తల వంచుకుని కూర్చుంది. డాక్టరు మాత్రం వదల్లేదు. "అంతకు ముందు? జుట్టు ఉన్నప్పుడు దువ్వుకుంటాంటివా?"

ఎంతకాలమని మోస్తుంది? భుజం ఒకటి చాలదా మోయడానికి?

"లేదప్పా" అంది, సార్ అనడం కూడా మరిచిపోయి. "దువ్వుకొనేదానికి చెయ్యి రాకనే ఇచ్చేస్తిని. పేలు పడె, చిక్కు పడె. ముడేసుకొనేదానికి కాకపాయ. ఎవురిని పిలిచి దువ్వమంటును? మొక్కు లేదు, ఏం లేదు. జుట్టు లేకుంటే ఒక పని తగ్గుతాదని ఇస్తిని."

మునినారాయణ నవ్వు ఇంకా మొహం మీదే ఉంది గాని దానికి ఇప్పుడు పని లేదు. డాక్టరు మంచివాడు, ఫిలిం తీసి వెలుతురుకు పట్టుకుని చాలాసేపు దాన్నే చూశాడు.

తరువాత బల్ల మీదున్న ప్లాస్టిక్ భుజాన్ని ముందుకు జరిపాడు. "చూడండి. ఇది గొంతు కింద ఉండే మెడ ఎముక. ఇది వీపు మీది రెక్క ఎముక. ఇది చెయ్యి. ఇంత పెద్ద చెయ్యిని ఒంటికి ఎముకతో ఎముక పట్టుకోనుండేది ఈ ఒక్క చోటే, గొంతు దగ్గర. మిగిలిందంతా కండలు పట్టుకోనుండేదే. రెక్క ఎముక వీపు మీద తేలతా ఉంటాది, దేనికీ బిగించిండరు. అందుకే మన చెయ్యి ఇన్ని దిక్కులు తిరుగుతాది. అందుకే తొందరగా చెడుతాది కూడా."

"ఎముక ఇరగలేదు కదా సార్?" అన్నాడు మునినారాయణ.

"ఇరిగింటే బాగుంటుండె, అతుక్కుంటాండె. చేతి ఎముక పైన ఉండే గుండు చుట్టూ నాలుగు కండలుంటాయి, నాలుగు పక్కల నుంచి పట్టుకోని. పైన ఉండే కండ తాడు ఈ ఎముక చూరు కిందనుంచి రావాల. సందు చిన్నది. చెయ్యి పైకెత్తినప్పుడల్లా ఆ తాడు చూరుకు ఒరుసుకుంటాది. ఒకసారి ఎత్తితే ఏం కాదు. పొద్దంతా ఎత్తే ఉంటే?" ఫిలిం మీద వేలు పెట్టాడు. "తెగిపోయి లోపలికి లాక్కోనుండాది. ఇప్పుడైతే లాగి ఎముకకు కుట్టొచ్చు. ఇట్లే ఇంకో ఆర్నెల్లు వాడితే కండ కొవ్వయిపోతాది. అప్పుడు కుట్టినా నిలవదు. చెయ్యి ఇంతే."

"ఇంతే" అనేటప్పుడు ఒళ్లో పడి ఉన్న చేయి వైపు చూపించాడు. అక్కయమ్మ కూడా దాని వైపే చూసింది.

"మీ పందిరి ఎంతెత్తప్పా?"

ఈ ప్రశ్నకు మునినారాయణ దగ్గర ఎప్పుడూ జవాబు సిద్ధంగా ఉంటుంది. "ఆరున్నర అడుగులు. కంబాలు దించిన పొద్దు నేనే నిలబడి, చెయ్యెత్తి కొలత పెట్టిచ్చినాను" అన్నాడు. అంటుండగానే డాక్టరు చూపు తన మీదనుంచి, పక్కన కుర్చీలో కాళ్లు నేలకు ఆనని మనిషి మీదికి పోవడం చూశాడు. అక్కయమ్మ ఎత్తు ఐదడుగులకు రెండంగుళాలు తక్కువ.

"తోటలో చెయ్యెత్తి పని చేసేది ఎవరు?" అన్నాడు డాక్టరు.

మునినారాయణ భార్య చేయి వైపు చూశాడు.

సోమవారం ఆపరేషన్‌కు చోటు ఉందని, అది పోతే మళ్లీ నెలన్నర దాకా లేదని డాక్టరు చెప్పాడు. ఆపరేషన్ అయినాక ఆరు వారాలు చేయి మెడకు వేసిన పట్టీలోనే ఉండాలి. ఆరు నెలలు తలపైకి ఎత్తే పని ముట్టుకోకూడదు. సోమవారం అనగానే మునినారాయణ నోట్లోంచి "కత్తె..." దాకా వచ్చి ఆగింది. "ఇంటికి పొయ్యి ఫోన్ చేస్తాము సార్" అని లేచాడు.

బస్సులో పక్కపక్కనే కూర్చున్నారు. కిటికీ పక్క సీటు ఇచ్చాడు, అంతే. అక్కయమ్మకు ఆపరేషన్ గురించి కూడా ఆలోచన రావడం లేదు. పది మందిలో చెప్పుకున్న ఒక్క మంచి మాటనూ డాక్టరు ముందు పెరికి పారేస్తినే అని అదే రంపపుకోత. అలిసిపోయింది. కోపగించుకోనీ, తిట్టనీ, ఏదో ఒకటి అననీ అనుకుంది. అతను అనలేదు.

మధ్యలో నరసింహప్ప ఎక్కాడు. ఎక్కీ ఎక్కగానే వెనక సీటులో కూర్చుని ముందుకు వంగాడు. "ఏమన్నా, ఆస్పత్రికా? గుండెకేం కాలేదు కదా?"

"ఆమెకు. చెయ్యి నొప్పి."

"వదినెకా? అయ్యో. నీకేం కాదులేన్నా, నువ్వు నూరేండ్లుంటావు. వదినె జుట్టిచ్చి తెచ్చుకున్న పానం కదా నీది!" అని, బస్సంతా వినేటట్టు పక్కవాళ్లకు ఆ కథ ఎత్తుకున్నాడు. మోకాళ్ల దాకా ఉన్న జుట్టు పిక్కల దాకా పెరిగింది. స్టెంటు వేసే రోజే గుండు చేయించుకున్నట్టు అయింది. పక్క సీటులోని ముసలమ్మ చేతులు జోడించి అక్కయమ్మకు దండం పెట్టింది కూడా. ఆ దండం చూసి అక్కయమ్మకు బస్సులోంచి దూకాలనిపించింది.

మునినారాయణ కాదు అని ఒక్క మాట అంటే అయిపోయేది. అనలేదు. "ఊ" అన్నాడు, ముందు సీటు కమ్మీ వైపు చూస్తూ. ఊరు వచ్చేదాకా "ఊ" అంటూనే ఉన్నాడు. ఆ "ఊ"లో కోపముందో, తనను కాపాడటం ఉందో అక్కయమ్మకు తెలియలేదు. ఇంటికి పోయినా అతను డాక్టరుకు ఫోన్ చేయలేదు. ఇంక ఈ ఏడూ ఇంతేలే, కత్తెర్లయినాకే అని ఆమె మనసులోనే తలుపు వేసుకుంది.

మరునాడు పొద్దున లేచేసరికి మునినారాయణ లేడు. డెయిరీకి పోయాడేమో అనుకుంది. పాల క్యాను అక్కడే ఉంది. ఎడమచేత్తో పాలు పిండుతూ కొట్టం గోడ వైపు చూస్తే మేకుకు తగిలించి ఉండాల్సిన కత్తెర లేదు. ఆమె కత్తెర అది, పిడికి గుడ్డ చుట్టుకున్నది. పాలు అట్లాగే పెట్టి తోట వైపు నడిచింది.

పందిరి కింద మునినారాయణ ఉన్నాడు. తల వెనక్కి వాలింది, నోరు తెరుచుకుంది, రెండు చేతులూ పైకి ఉన్నాయి. అంగీ వీపంతా తడిసింది. మొదటి వరుసలో మూడు చెట్లు కత్తిరించి నాలుగో దాని దగ్గర ఉన్నాడు.

"ఏమయ్యా, నీకేమన్నా బుద్ధుండాదా? గుండెకు స్టెంటేసుకున్నోడివి!" అని అరిచింది.

అతను చేతులు దించాడు. అక్కయమ్మ పైకి చూసింది. చిగురు వేసే ఏ కన్ను మీద కోయాలో తెలియక ఒక కొమ్మను మొదలంటా కోశాడు, ఒక కొమ్మను మూరెడు వదిలేశాడు. ఈ మూడు చెట్లకూ ఈ ఏడు కాయ లేదు. మామూలప్పుడైతే తిట్టి పోసేది. ఇప్పుడు ఓపిక లేదు.

"ఎంతసేపాయె వచ్చి?"

"తెల్లారగానే వస్తిని. గంటన్నర అయ్యుంటాది." కంబానికి ఆనుకుని మెల్లగా కింద కూర్చున్నాడు. "మెడ తిరగడంల్యా. భుజం కాలిపోతాండాది. మూడు చెట్లే. నేను మడమలు ఎత్తేపని కూడా లేదు, నువ్వయితే..." అని ఆగిపోయాడు. ఆనుకున్న కంబాన్ని తడిమి, "ఈ కంబాలు పాతిన పొద్దు నువ్వు యాడుంటివే?"

"యాడుందును? నీ పక్కనే. నీళ్ల చెంబు పట్టుకోని."

"ఒక్క మాట అనింటే, ఇంకో అడుగున్నర లోతుకు దించి పాతుంటిమి కదే."

"నన్నెవురు అడిగిరి?"

అందులో దెప్పిపొడుపు లేదు. అంత శక్తి ఉంటే కదా. అతను తల ఊపాడు. రెండు చెట్ల మధ్య నేలను వేలితో గీకుతూ కూర్చున్నాడు.

"సోమవారం పోతాము" అన్నాడు. "డాక్టరుకు ఇందాకనే ఫోన్ చేస్తిని. ఎత్తలేదు. మళ్లా చేస్తాను."

మూడేళ్లుగా ఎదురుచూసిన మాట అది. తీరా అది వచ్చేసరికి అక్కయమ్మ నోట్లోంచి వచ్చింది ఇంకొకటి. "కత్తెర్లు? వారం దాటితే కాయ వానకు దొరుకుతాది."

"దొరకనీ."

"కూలోళ్లకు చెప్పుంటిమి కదా, వాళ్లొస్తే ఎవురు చూపిచ్చేది?"

"పట్టీ కట్టుకోని కుర్చీలో కూర్చోని నువ్వు చెప్పు, యాడ కొయ్యాల్నో. చేతులెత్తేది వాళ్లు, నేను." తల ఎత్తి ఆమె తలవైపు చూశాడు. కొంగు జారి, దువ్వెన పడని పొట్టి జుట్టు నాలుగు వైపులా లేచి ఉంది. "నా కోసరమనే అనుకుంటినే. పదిమందికి చెప్పుకుంటిని. నిన్న బస్సులో వాడు చెప్తాంటే..." చేతిలోని కత్తెర పిడికి చుట్టిన గుడ్డను సవరించాడు. "నువ్వు కష్టం వస్తే ఏడుకొండలు ఎక్కి దేవునికి చెప్పుకుంటివి. పక్క మంచంలో ఉండే నాకు చెప్పలా. ఈ తూరి జుట్టు పెరిగితే ముందు నాకు చెప్పు."

"చెప్తే, కత్తెర్లు అయిపోనీ అంటావు."

అక్కయమ్మ జవాబు కోసం ఆగలేదు. ఎదురుగా నేల మీద కూర్చుని, ఎడమచేత్తో అతని చేతిలోని కత్తెర తీసుకుని పక్కన పెట్టింది. అతని కళ్లలోంచి నీళ్లు చెంపల మీదికి వచ్చాయి. తుడుచుకుందామని భుజం మీది తువ్వాలు పట్టుకుని చేయి ఎత్తబోయాడు. ఎత్తలేకపోయాడు, సగంలోనే ఆగింది. అప్పుడు తల వంచి, మొహాన్నే తువ్వాలు దాకా దించి తుడుచుకున్నాడు.

అట్లా తుడుచుకోవడం ఎవరో నేర్పితే వచ్చేది కాదని అక్కయమ్మకు తెలుసు. కొంగు కుడిచేతిలోకి తీసుకుని, తను కూడా తల వంచి మొహం తుడుచుకుంది.